బొమ్మ లేని తెర

టెలివిజను సెట్టులో మాటలు వినిపిస్తున్నవి, పాటలు వినిపిస్తున్నవి; తెర మీద మాత్రము బొమ్మ లేదు. ఈ ఇబ్బంది టెలివిజనుతో పాటే పుట్టినది. కాని దానికి కారణము వెదకవలసిన చోటు మూడు తరముల సెట్టులలో మూడు విధములుగా మారినది. తెర మీది వెలుగు ఎక్కడ పుట్టుతుందో తెలిస్తే గాని, అది ఎక్కడ ఆగిపోయినదో తెలియదు. నేటి ఖరీదైన సెట్టులలో వాడే ఓలెడ్ తెర, అనగా కర్బన పదార్థములతో చేసిన వెలుగు డయోడుల తెర, ఈ విషయములో తక్కిన రెంటికంటె చిక్కైనది. ఆ చిక్కు దాని చరిత్రలోనే ఉన్నది.

మొదటి తరము గాజు గొట్టము. 1897 లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన కాథోడ్ కిరణ నాళము దీనికి మూలము. 1977 లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమైన రోజులలో మన ఇండ్లకు వచ్చిన సెట్టులు ఈ జాతివే. గొట్టము మెడలో వేడెక్కిన కాథోడు ఎలక్ట్రానులను విడుస్తుంది. వేల వోల్టుల విద్యుత్ పీడనము వాటిని తెర వైపు లాగుతుంది. తెర లోపలి పూత వాటి తాకిడికి వెలుగుతుంది. బొమ్మ లేనపుడు మెకానిక్కు మొదట గొట్టము మెడలో ఎర్రని వెలుగు ఉన్నదా అని చూచేవాడు. తరువాత ముంజేతిని తెర దగ్గరకు తెచ్చేవాడు. వెంట్రుకలు నిక్కితే అధిక వోల్టేజి ఉన్నట్లే. తెర మధ్య ఒకే ఒక అడ్డగీత వెలుగుతున్నచో, కిరణమును పైకి క్రిందికి నడిపే భాగము చెడినదని సెట్టు విప్పకుండానే చెప్పేవాడు.

రెండవది ద్రవ స్ఫటికముల తెర. ఇది తాను వెలుగదు. వెనుక దీపముల వెలుగుకు దారి ఇచ్చుట, అడ్డు తగులుట మాత్రమే దీని పని. దీపములు ఆరిపోతే, బొమ్మ తయారవుతున్నా కంటికి కనబడదు. అప్పుడు చీకటి గదిలో తెర మీదికి టార్చి లైటు వేసి చూస్తే, నీడవలె కదులుతున్న బొమ్మ కనిపిస్తుంది. కనిపించినదా, దోషము దీపములది. ఇంత చవకగా ఇంత ఖచ్చితముగా తేల్చే పరీక్షలు విద్యుత్ పరికరములలో అరుదు.

ఈ పరీక్షను ఓలెడ్ సెట్టు మీద చేయవచ్చునా అని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగినాడు. చేయవచ్చును, కాని అది ఏమీ చెప్పదు. ఓలెడ్ తెర వెనుక దీపము లేదు. తెర మీది ప్రతి చుక్కా ఒక దీపమే. నలుపు చూపవలసి వచ్చినపుడు ఆ చుక్క ఆరిపోతుంది. కాబట్టి అమావాస్య రాత్రిని చూపుతున్న మంచి తెరకు, చచ్చిపోయిన తెరకు కంటితో చూస్తే తేడా లేదు. అమ్మేవారు గొప్పగా చెప్పుకొనే ఆ నలుపే మరమ్మతు చేసేవారికి మొదటి చిక్కు.

కర్బన పదార్థమునకు విద్యుత్తు తగిలించి వెలుగు పుట్టించుట కొత్త ఊహ కాదు. 1950 తరువాతి తొలి సంవత్సరములలో ఫ్రాన్సులోని నాన్సీ నగరములో ఆంద్రే బెర్నానోజ్ కొన్ని రంగు పదార్థముల మీద అధిక వోల్టేజి గల ఏకాంతర విద్యుత్తును ప్రయోగించి వెలుగును గమనించినాడు. 1963 లో న్యూయార్కు విశ్వవిద్యాలయములో మార్టిన్ పోప్, అతని సహచరులు ఆంత్రసీన్ స్ఫటికమును ఏకముఖ విద్యుత్తుతో వెలిగించినారు. ఆంత్రసీన్ తారునుండి లభించే పదార్థము; దాని వెలుగు నీలము. అయితే అందుకు వందల వోల్టులు కావలసి వచ్చినవి. 1965 లో కెనడాలో వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిచ్, ష్నైడర్ అనువారు స్ఫటికమునకు ఒకవైపునుండి ఎలక్ట్రానులను, రెండవవైపునుండి ధనావేశ రంధ్రములను పంపి, ఆ రెండూ కలిసిన చోట వెలుగు పుట్టుతుందని స్పష్టపరచినారు. చరిత్రలో ఒక వింత చూడండి. ఇదే హెల్ఫ్రిచ్ తరువాత స్విట్జర్లాండుకు వెళ్ళి, 1970 లో మార్టిన్ షాట్‌తో కలిసి, చేతి గడియారములనుండి టెలివిజనుల దాకా వ్యాపించిన మెలిక ద్రవ స్ఫటికముల తెరను కనిపెట్టినాడు. నేడు అంగడిలో పోటీ పడుతున్న రెండు జాతుల పుట్టుకలోను ఒకే మనిషి చేయి ఉన్నది.

వందల వోల్టులు కోరే దీపము ప్రయోగశాల దాటి రాలేదు. దారి చూపినది అమెరికాలో రాచెస్టరు నగరములోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థ. అక్కడ చింగ్ టాంగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కర్బన పదార్థములతో సౌరఘటములు చేస్తున్నాడు. ఒకే పొరకు బదులు రెండు వేర్వేరు పొరలను ఆనించిన సౌరఘటమును 1986 లో ప్రకటించినాడు. వెలుగునుండి విద్యుత్తు తీసే ఆ ఏర్పాటును తిరగవేస్తే విద్యుత్తునుండి వెలుగు రావలెను గదా! 1987 లో టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కలిసి ప్రకటించిన దీపములో రంధ్రములను మోసే పొర ఒకటి, ఎలక్ట్రానులను మోస్తూ ఆకుపచ్చగా వెలిగే అల్యూమినియం సంక్లిష్ట పదార్థపు పొర మరొకటి. రెండూ కలిపి మందము సుమారు 135 నానోమీటరులు. 10 వోల్టులకు లోపలే అది పట్టపగలువలె వెలిగినది.

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చును. 135 నానోమీటరుల దూరములో 10 వోల్టులు అంటే, సెంటీమీటరుకు 7 లక్షల వోల్టులకు పైగా అవుతుంది. వోల్టులు తగ్గినవే గాని, పొర అనుభవించే విద్యుత్ క్షేత్రము ఏమీ తక్కువ కాదు. పలుచదనములోనే ఉన్నది కిటుకంతా. ఆపదా అందులోనే ఉన్నది. ఒక మైక్రాను వెడల్పు గల దుమ్ము కణము ఈ పొరలకంటె ఏడు రెట్లు మందము! అది లోపల చిక్కుకొంటే రెండు ధ్రువములు ఒకదానితో ఒకటి కలిసిపోయే ప్రమాదమున్నది.

రెండవ శత్రువు నీరు. ఎలక్ట్రానులను సులభముగా విడిచే లోహము కావలెనని టాంగ్ మెగ్నీషియమునకు కొంచెము వెండి కలిపి వాడినాడు. అటువంటి లోహము తేమను ఓర్వదు. లోహపు పూతలో సూదిమొన అంత రంధ్రమున్నా దాని గుండా తేమ చేరి, చుట్టూ ఒక నల్లని మచ్చను పుట్టిస్తుంది. ఆ మచ్చ దినదినము పెరుగుతుంది. తొలి పరిశోధకులను అన్నిటికంటె ఎక్కువ వేధించినవి ఈ మచ్చలే. దీపము బతకాలంటే, చదరపు మీటరు కప్పు గుండా రోజుకు పది లక్షలవ వంతు గ్రాము నీటికంటె ఎక్కువ దూరరాదని లెక్క కట్టినారు. ఆ వేగమున ఒక గ్రాము నీరు దూరుటకు 2,700 సంవత్సరములు పడుతుంది. అందుకే ఓలెడ్ తెరను గాజుతోను లోహముతోను ఊపిరాడకుండా మూసి వేస్తారు. తెరలోపల ఏది చెడినా విప్పి బాగు చేయలేకపోవుటకు మూలము ఇక్కడ ఉన్నది.

తరువాతి మెట్లు త్వరగా చెప్పవచ్చును. 1990 లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్లాస్టిక్కు జాతి పదార్థముతోనే దీపము చేసినారు. ఎలక్ట్రాను, రంధ్రము కలిసిన నాలుగు సందర్భములలో మూడు వెలుగు లేకుండా వృథా అవుతుండగా, 1998 లో బాల్డో, ఫారెస్ట్, థాంప్సన్ ప్రభృతులు ప్లాటినము సమ్మేళనముతో ఆ మూడింటినీ వెలుగుగా మార్చే స్ఫురదీప్తి మార్గము చూపినారు. నీలిరంగుకు మాత్రము ఇది చాలకాలము లొంగలేదు. నీలి కాంతి శక్తి ఎక్కువ. ఆ శక్తే పదార్థపు అణువులను విరుస్తుంది. 2007 లో సోనీ సంస్థ జపానులో 11 అంగుళముల తొలి ఓలెడ్ టెలివిజనును అమ్మకమునకు పెట్టినది. 2013 లో కొరియా సంస్థలు 55 అంగుళముల సెట్టులను తెచ్చినవి. వీటిలో ఎల్‌జీ అనుసరించిన పద్ధతిలో చుక్కలన్నీ తెల్లగా వెలుగుతవి. రంగులను వడపోతలు ఇస్తవి.

నాలుగు వేల తరగతి తెరలో 3840 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసలు. ఒక్కొక్క చుక్కలో నాలుగు దీపములు చొప్పున 3 కోట్ల 31 లక్షలకు పైగా దీపములు! ప్రతిదానికి ప్రవాహమును కొలిచి ఇచ్చే ట్రాన్సిస్టరులు వేరుగా ఉన్నవి. దీపములు, ట్రాన్సిస్టరులు అన్నీ ఒకే వేగముతో ముసలివి కావు. అందుచేత రిమోటుతో సెట్టును ఆపిన తరువాత, అది తనలో తాను ఆ మార్పులను కొలిచి సవరణలు వ్రాసుకొంటుంది. విద్యుత్తు పొదుపు కొరకు గోడ మీది స్విచ్చి వెంటనే కట్టివేయుట మన ఇండ్లలో మంచి అలవాటే గాని, ఈ సెట్టు దగ్గర అది మంచిది కాదు. సవరణకు వ్యవధి లేక, క్రమముగా తెర మీద పాత బొమ్మల జాడలు మిగులుతవి.

ఇప్పుడు బొమ్మ లేని సెట్టు దగ్గరకు వద్దాము. ధ్వని వస్తున్నదా? వస్తే ప్రధాన బోర్డులో చాల భాగము, విద్యుత్ సరఫరాలో కొంత భాగము బతికే ఉన్నవి. సెట్టు సొంత జాబితా కూడా తెర మీద రాలేదా? అయితే బయటి పరికరముల తప్పు కాదు. తరువాతిది మీటరు పని. తెరకు వెళ్ళే ప్రత్యేక సరఫరా ఒకటి ఉంటుంది. అనేక నమూనాలలో అది 24 వోల్టుల ప్రాంతము. అది అసలు పుట్టకపోతే వెంటనే సరఫరా బోర్డును నిందించరాదు; దానిని పుట్టించమని ప్రధాన బోర్డునుండి ఆజ్ఞ వచ్చినదా అని చూడవలెను. తొందరపాటున మంచి బోర్డును మార్చుట ఇక్కడే ఎక్కువ. ఆ వోల్టేజి ఒక్క క్షణము వచ్చి పడిపోతే, రక్షక వలయము పని చేసినదని, ముందున్న ఏదో భాగములో రెండు తీగలు కలిసిపోయినవని అనుమానించవలెను. వోల్టేజి నిలకడగా ఉండి బొమ్మ మాత్రము లేకపోతే, తెరకు సంకేతములు పంచే బోర్డును, దాని పట్టీ తీగలను పరీక్షించవలెను. పట్టీ వదులై ఉన్నందున చెడిన సెట్టులు లేకపోలేదు.

ఈ పని విద్యార్థులు సొంతముగా చేయదగినది కాదు. తీగ పీకిన తరువాత కూడా సరఫరా బోర్డులోని పెద్ద కెపాసిటరులలో ప్రాణాపాయమైన ఆవేశము కొంతసేపు నిలిచి ఉంటుంది.

బోర్డులు మారిస్తే బాగుపడే సెట్టులు చాల ఉన్నవి. సరఫరా బోర్డు ఖరీదు సెట్టు ఖరీదులో స్వల్ప భాగము. కాని దోషము మూసిన గాజు లోపల ఉన్నదని తేలితే తెరనంతటినీ మార్చవలెను. దాని ఖరీదు కొత్త సెట్టు ఖరీదుకు దగ్గరగా ఉండుటచేత, చాలమంది మార్చరు. పైన చెప్పిన కొలతలు వరుసగా చేయకముందే “తెర పోయినది” అని ఎవరైనా చెబితే, తెరకు వెళ్ళే వోల్టేజి ఎంత చూచినారని అడుగవచ్చును.