పన్ను కాదు, నరం

1677 డిసెంబర్. పారిస్‌లో ఇంగ్లండు రాయబారి ఇంట్లో ఒక స్త్రీ నొప్పి భరించలేక కేకలు పెడుతోంది. అప్పటికే ఫ్రెంచి వైద్యులు చూసి పంటి నొప్పి అని తేల్చి పళ్ళు పీకేశారు. పళ్ళు పోయాయి గానీ నొప్పి పోలేదు. ఇక ఏం చెయ్యాలో తోచక ఆ రోజుల్లో పారిస్‌లోనే ఉన్న జాన్ లాక్‌కి కబురు పంపారు. రాజనీతి శాస్త్రం పాఠాల్లో మనం చదువుకున్న లాకే ఈయన. ఆయన వైద్యం కూడా చదివాడని మనకెవరూ చెప్పలేదు.

ఆమె పేరు ఎలిజబెత్. వైద్య చరిత్రలో మాత్రం ‘నార్తంబర్లాండ్ కౌంటెస్’గానే మిగిలింది. అది 1670లో చనిపోయిన మొదటి భర్త వల్ల వచ్చిన బిరుదు. 1677 నాటికి ఆమె రాయబారి రాల్ఫ్ మాంటేగ్యూ భార్య. అంతకు సుమారు పదేళ్ళ ముందు పీటర్ లెలీ అనే చిత్రకారుడు ఆస్థాన సుందరుల వరసలో ఆమె బొమ్మ వేశాడు. ఆ వరస బొమ్మలు ఇప్పటికీ హాంప్టన్ కోర్ట్ పాలెస్‌లో ఉన్నాయి. అందమైన ముఖానికి చరిత్రలో చోటు దొరకడం కొత్తేమీ కాదు. అదే ముఖం పడిన నొప్పికి కూడా దొరికిందే, అదీ ఆశ్చర్యం.

దొరకడానికి కారణం లాక్ ఉత్తరాలు. లండన్‌లో ఉన్న వైద్యమిత్రుడు జాన్ మేపుల్‌టాఫ్ట్‌కి ఆయన వరసగా రాశాడు. నొప్పి ముఖంలో ఒక పక్కనే వస్తుంది. నిప్పు మెరుపులా ఒక్కసారిగా దూసుకొస్తుంది. మూతి ఆ పక్కకి లాక్కుపోతుంది. మాట్లాడబోతే వస్తుంది. కాసేపటికి ఠక్కున ఆగిపోతుంది. ఆగాక ఏమీ లేనట్టే ఉంటుంది, మళ్ళీ మొదలవుతుంది. ఈనాటి న్యూరాలజీ పుస్తకం ట్రైజెమినల్ న్యూరాల్జియా గురించి చెప్పే లక్షణాలన్నీ దాదాపు ఇవే. ఆయన చేసిన వైద్యం విరేచనాలకి మందివ్వడం. ఆమెకి తగ్గింది. ఈ జబ్బు తనంతట తనే వారాలు, నెలలు మాయమై మళ్ళీ వచ్చే రకం కాబట్టి, ఆ విరేచనాల మందుకి నేనైతే మార్కులు వెయ్యను. కారణం తెలియకపోయినా, చూసింది చూసినట్టు రాశాడు. అందుకు వేస్తాను.

ఒక సందేహం మాత్రం వదలదు. ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషికి ఇదే నొప్పి వచ్చి ఉంటే లండన్‌కి ఉత్తరం వెళ్ళేదా? రాయబారి భార్య నొప్పి కూడా మనదాకా ఒక మగవాడి కలం గుండానే వచ్చింది. ఇక ఆ మనిషి సంగతి చెప్పాలా?

తర్వాత పేర్లు పెట్టారు. 1756లో ఫ్రెంచి సర్జన్ నికొలా ఆండ్రే దీన్ని ‘టిక్ దూలూరూ’ అన్నాడు, అంటే నొప్పితో కూడిన అదురు. ఎదుటివాళ్ళకి కనిపించే అదురే పేరులో మొదటి మాట అయింది. 1773లో లండన్ వైద్యుడు జాన్ ఫాదర్‌గిల్ తను చూసిన రోగుల గురించి చెబుతూ, ఇది వయసు పైబడుతున్నవాళ్ళకి, మగవాళ్ళకంటే ఎక్కువగా ఆడవాళ్ళకి వస్తోందని గమనించాడు. ఆ గమనింపు నిజమే. ఈనాటి లెక్కల్లో కూడా ఇద్దరు మగవాళ్ళకి వస్తే సుమారు ముగ్గురు ఆడవాళ్ళకి వస్తోంది.

ఎక్కువగా ఆడవాళ్ళకి వచ్చే నొప్పి, అందులోనూ పైకి ఏ గాయమూ కనిపించని నొప్పి. పందొమ్మిదో శతాబ్దంలో ఇలాంటి వాటిని హిస్టీరియా పక్కన కూచోబెట్టడం వైద్యులకి చాలా తేలికైంది. సైలాస్ వియర్ మిచెల్‌ని చూడండి. అమెరికా అంతర్యుద్ధంలో తూటా దెబ్బ తిన్న సైనికుల నరాల మంట మీద సహచరులతో కలిసి 1864లో పుస్తకం రాశాడు. ఆ మంటకి ‘కాసాల్జియా’ అన్న శాస్త్రీయ నామం వాడుకలోకి వచ్చింది ఆయన రాతలవల్లే. ‘నరాల’ జబ్బన్న ఆడవాళ్ళు వస్తే మాత్రం మంచం మీద పడుకోబెట్టి, చదవొద్దు, రాయొద్దు అన్నాడు. 1887లో ఆ వైద్యం చేయించుకున్న షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథ అచ్చువేసింది. గిల్మన్‌ది ముఖం నొప్పి కాదు. కానీ సైనికుడి నొప్పికి నరం కారణమై, స్త్రీ నొప్పికి స్వభావం కారణమైన తేడా ఒకే డాక్టరు దగ్గర ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

ఈలోగా కత్తులు కూడా ఊరికే లేవు. ముఖాన్ని కదిలించే నరం వేరు, ముఖానికి స్పర్శ తెలిపే నరం వేరు. 1820లలో చార్లెస్ బెల్, హెర్బర్ట్ మేయో ఆ సంగతి తేల్చేదాకా సర్జన్లు నొప్పి పోతుందని కదిలించే నరాన్ని కోసేవాళ్ళు. మూతి వంకర పోయేది, కన్ను మూతపడేది కాదు, నొప్పి మాత్రం అలాగే ఉండేది. అవన్నీ మత్తుమందు లేని రోజులు.

అసలు కారణం దగ్గరికి రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. చెవి దగ్గర మొదలై మూడు పాయలుగా నుదుటికీ, చెంపకీ, దవడకీ వెళ్ళే నరం ఇది. మెదడు కాండం నుంచి ఇది బయటికొచ్చే చోట ఒక రక్తనాళం ఒరుసుకుంటూ ఉంటే, నరం మీది పొర అరిగిపోతుంది. పొర పోయిన కరెంటు తీగల్లాగే, మామూలు స్పర్శ కూడా నొప్పి తీగలోకి దూకుతుంది. ఎక్కువమందిలో జరిగేది ఇదే. కొద్దిమందిలో మల్టిపుల్ స్క్లిరోసిస్‌, ఇంకా తక్కువమందిలో గడ్డ కారణం. రక్తనాళం సంగతి 1934లో వాల్టర్ డాండీ రాశాడు. 1960ల చివర్లో పీటర్ జానెటా మైక్రోస్కోపు కింద ఆ నాళాన్ని పక్కకి జరిపి, మధ్యలో మెత్త పెట్టే ఆపరేషన్‌ని నిలబెట్టాడు. నరాన్ని కొయ్యక్కర్లేదన్నమాట.

ముందుగా ఇచ్చేది మాత్రం ఇప్పటికీ మాత్రే. మూర్ఛకి వాడే కార్బమజెపీన్ ఈ నొప్పికి పనిచేస్తుందని 1962లో బ్లోమ్ అనే వైద్యుడు ప్రకటించాడు. మామూలు నొప్పి మాత్రలు దీనిమీద పెద్దగా పనిచెయ్యవు.

మా పెద్దమ్మకి ఇది వచ్చినప్పుడు ఆమె మాట్లాడ్డం మానేసింది. అలిగిందనుకున్నారు ఇంట్లో. ముక్కుపుడక దగ్గర వేలు తగిలితే షాక్ కొట్టినట్టుండేదట. అందుకని ముఖానికి పసుపు మానేసింది, ఫ్యాను కింద కూచోవడం మానేసింది, అన్నం నమలడం మానేసి మజ్జిగతో గడిపింది. ‘మొండితనం’ అన్నారు. మా ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు మూడు పళ్ళు పీకాడు. చివరికి ఒక న్యూరాలజిస్టు ఆమె ముఖం ముట్టుకోకుండానే నాలుగు ప్రశ్నలడిగి చెప్పేశాడు. ఒక పక్కేనా? ఎన్ని సెకన్లుంటుంది? ఏం చేస్తే వస్తుంది? మధ్యలో పూర్తిగా పోతుందా?

మూడున్నర శతాబ్దాల కిందట లాక్ రాసుకున్నవీ ఇవే. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఇవాళ్టికీ లేదు. ఎమ్మారై తీసేది గడ్డ ఉందా, రక్తనాళం నొక్కుతోందా అని చూడ్డానికి. జబ్బుని గుర్తించేది రోగి చెప్పే మాటల్ని బట్టే. అందుకే ఎక్స్‌రేలో పన్ను బాగానే ఉండి నొప్పి సెకన్ల లెక్కన వచ్చిపోతోందంటే, ఆ పన్ను పీకించుకునే ముందు న్యూరాలజిస్టుకి చూపించుకోవాలి.

మాత్ర గురించి కూడా ఆడవాళ్ళకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, చాలాసార్లు చెప్పరు. కళ్ళు తిరుగుతాయి, మగతగా ఉంటుంది. పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర నిలబడాల్సినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఒంట్లో సోడియం పడిపోవచ్చు, పెద్దవాళ్ళలో మరీను. ఆసియా ప్రజల్లో కొందరికి ఉండే ఒక జన్యువు వల్ల చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన రియాక్షన్ రావచ్చు. దద్దుర్లు కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని ఇది తగ్గిస్తుంది. గర్భంతో ఉంటే బిడ్డకి హాని జరిగే అవకాశం ఉంది. అలాగని ఉన్నట్టుండి మానెయ్యకూడదు, డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చుకోవాలి. మా పెద్దమ్మకి మోతాదు కుదరడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఇంట్లో వంట ఎవరు చెయ్యాలన్నదానికి జరిగినంత చర్చ, ఆమె పళ్ళు పీకించడానికి ముందు జరగలేదు.