మస్టరు ఊరందరి ముందు చదివితే

1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో ఒక సభ జరిగింది. ప్రభుత్వ పనుల మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, జనం ముందు పేరుపేరునా పైకి చదివారు. పేర్లు వినబడుతున్నకొద్దీ దొంగ లెక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అప్పటిదాకా ఆఫీసు బీరువాల్లో ఉన్న కాగితాల మీద తీర్పు చెప్పే అవకాశం కూలివాళ్ల చేతికి వచ్చింది. ఆ సభ పెట్టింది మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు 1990 మే డే నాడు దాన్ని మొదలుపెట్టారు. వాళ్లు ‘జన్ సున్‌వాయీ’ (ప్రజా విచారణ) అని పిలిచిన ఆ సభ నుంచే మనం ఇవాళ సామాజిక తనిఖీ అంటున్నది ఎదిగింది.

అంతకుముందు తనిఖీలు లేవని కాదు. 1860లోనే ఈ దేశానికి ఆడిటర్ జనరల్ వచ్చాడు. రాజ్యాంగం కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను, అంటే కాగ్‌ను, ప్రభుత్వం చెప్పుచేతల్లో లేకుండా నిలబెట్టింది. కానీ ఆ తనిఖీ ఎక్కువగా కాగితం మీద నడిచేది. ఓచరు ఉంది, సంతకం ఉంది, కూడిక సరిపోయింది. వేలిముద్ర వేసిన మనిషి ఆ రోజు అసలు పార పట్టాడా లేదా అన్నది ఊరివాళ్లకే తెలుస్తుంది.

ఊరివాళ్లు చెప్పాలంటే ముందు కాగితం వాళ్ల చేతికి రావాలి. దానికోసమే 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ‘మా డబ్బు, మా లెక్క’ అన్న నినాదం ఆ పోరాటానిదే. అది పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం, 17వ సెక్షన్‌లో గ్రామసభే సామాజిక తనిఖీ చెయ్యాలని రాసింది.

రాయడం వేరు, చేసి చూపడం వేరు. ఆ రెండో పని తెలుగునేల మీద జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పథకాన్ని తానే తనిఖీకి పెట్టుకుంది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసినవాళ్లు వచ్చి శిక్షణ ఇచ్చారు. ప్రభుత్వమే ముందుకు రావడం అప్పట్లో చిన్న విషయం కాదు.

పద్ధతి ఇలా ఉంటుంది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలను ఎంచుకుని శిక్షణ ఇస్తారు. ఎవరూ సొంత ఊరిని తనిఖీ చెయ్యరు. పక్క ఊరికి వెళ్లి గడపగడపా ఎక్కుతారు. జాబ్‌కార్డు, పాసుపుస్తకం, మస్టరు మూడూ పక్కపక్కన పెట్టుకుని, ఎన్ని రోజులు వెళ్లావమ్మా, చేతికి ఎంత వచ్చిందమ్మా అని అడుగుతారు. తర్వాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి నడుస్తారు. ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) కందకం పొడవు, వెడల్పు, లోతు రాసి ఉంటాయి. పొడవు, వెడల్పు తేలిగ్గానే దొరుకుతాయి. లోతు దగ్గరే అసలు తేడా ఉంటుంది. రెండు వానలు పడితే పూడిపోయిందంటారు. అందుకే ఆ కందకం తవ్విన మనుషులను వెతికి పట్టుకుని మాట్లాడాలి. టేపు చెప్పలేనిది వాళ్లు చెబుతారు.

తేలినదంతా ముందు గ్రామసభలో చదువుతారు. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. ఒకవైపు ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, ఎంపీడీవో, మరోవైపు కూలీలు. ఆ వేదిక మీద రోజుకూలి ఆడమనిషి మైకు పట్టుకుని నా పేరు మీద డబ్బు ఎవరు తీసుకున్నారని అడగగలగడమే ఈ ఏర్పాటు సాధించిన అన్నిటికన్నా పెద్ద విజయమని నేను నమ్ముతాను.

పని చేయించే శాఖే తనిఖీ కూడా చేస్తే దానికి విలువ ఉండదు. అందుకే 2009లో ఆంధ్రప్రదేశ్ ఒక ప్రత్యేక సొసైటీ పెట్టింది. రాజస్థాన్ ఉద్యమం నుంచి వచ్చిన సౌమ్య కిడాంబి దాన్ని నడిపారు. 2011లో కేంద్రం కాగ్‌ను సంప్రదించి నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి రాష్ట్రంలో స్వతంత్ర తనిఖీ విభాగం ఉండాలి, ఆరు నెలలకోసారైనా తనిఖీ జరగాలి, రికార్డులు పదిహేను రోజుల ముందే ఇవ్వాలి, అధికారులు అడ్డు రాకూడదు. వాటి వెనకున్నది చాలావరకు మన అనుభవమే. 2017లో మేఘాలయ ఇంకో అడుగు వేసి, ఒక్క ఉపాధి హామీకే కాక ఇతర పథకాలకూ వర్తించేలా చట్టమే చేసింది.

లోటు వసూళ్ల దగ్గరుంది. తప్పు పట్టుకోవడం నేర్చాం. తిన్న సొమ్ము కక్కించడం ఇంకా నేర్వలేదు. తేలిన మొత్తంలో తిరిగి వచ్చింది కొద్ది భాగమే. తనిఖీ విభాగాలకు నిధులు సకాలంలో అందని రాష్ట్రాలూ ఉన్నాయి. జీతం ఆపగలిగినవాడి తప్పు ఎవరు బయటపెడతారు? తనిఖీ నిధులు పథకం అమలుచేసే శాఖ చేతిలోంచి రాకూడదు. వసూలుకు గడువు, గడువు దాటితే శిక్ష ఉండాలి.

మీ ఊళ్లో సామాజిక తనిఖీ గ్రామసభ అని దండోరా వేస్తే ఆ పూట పని మానుకునైనా వెళ్లండి. జాబ్‌కార్డు, పాసుపుస్తకం మర్చిపోకండి. మీ పేరు చదివినప్పుడు లెక్క తప్పితే, లేచి చెప్పండి.