దేహబలము, శాస్త్రపత్రిక

మనుష్యదేహమును సైతము యంత్రసూత్రములతో కొలువవచ్చునని విపులముగా నిరూపించినవారిలో ఇటలీ దేశీయుడైన బొరెల్లి అగ్రగణ్యుడు. అతని మరణానంతరము 1680, 1681 సంవత్సరములలో వెలువడిన జంతుచలన గ్రంథమునందు, కండరములు కీళ్లకు మిక్కిలి చేరువగా ఎముకల నంటియుండుటచేత, మోయు బరువుకంటె అనేక రెట్లు బలమును అవి ప్రయోగింపవలసివచ్చునని అతడు లెక్క కట్టి చూపెను. కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల ఇండ్లలో ఒడిలో చాట నిడుకొని, మెడ వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు నించి, దారము చుట్టుచు, వేయి బీడీల లెక్కకు కూలి పడయు స్త్రీల మెడనొప్పికిని ఆ సూత్రమే మూలము.

అయితే ఒకడు కనుగొన్న సత్యము పదుగురి సొత్తగుటకు పరీక్ష కావలెను. ఆ పరీక్షను నడుపువాడే శాస్త్రపత్రికా సంపాదకుడు. 1665లో లండను రాయల్ సొసైటీ కార్యదర్శియగు హెన్రీ ఓల్డెన్‌బర్గ్ తన సొంత వ్యయముతో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ను ప్రారంభించి, దేశదేశముల విద్వాంసుల లేఖలను ప్రకటింపసాగెను. 1752లో సొసైటీ ఆ పత్రికను తన యధీనమునకు గైకొని, ప్రచురణార్హములైన వ్యాసముల నేరుటకు ఒక సంఘమును నియమించెను. 1830 దాటిన పిదప పరీక్షకులు తమ యభిప్రాయమును వ్రాసి యిచ్చు పద్ధతి క్రమముగా నెలకొనెను. పేరుప్రతిష్ఠలు కాక ప్రమాణములే వ్యాసమునకు గెలుపు నీయవలెనను ధర్మము ఈ విధముగా పెంపొందినది.

దేహమును యంత్రసూత్రములతో పరిశీలించు జీవయాంత్రికశాస్త్రమునకు ప్రత్యేక పత్రికలు లభించుట మాత్రము మన కాలపు సంగతి. ‘జర్నల్ ఆఫ్ బయోమెకానిక్స్’ 1968లోను, అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారి ‘జర్నల్ ఆఫ్ బయోమెకానికల్ ఇంజనీరింగ్’ 1977లోను వెలువడినవి. విమానముల రెక్కలపై గాలి చూపు ప్రభావమును శోధించిన వై. సి. ఫంగ్ రక్తనాళములను, ఊపిరితిత్తులను అదే గణితదృష్టితో పరిశీలించి ఈ శాస్త్రమునకు పితామహుడని కీర్తి గాంచిన దినములవి. ఇట్టి పత్రిక సంపాదకుని బాధ్యత ద్విగుణము: సమీకరణము సరియైనదా యని ఇంజనీరును, అది సజీవదేహమునకు వర్తించునా యని వైద్యుని అడిగి, ఇరువురును ఒడబడినగాని వ్యాసమును అంగీకరింపరాదు. ఉక్కుకడ్డీ ఎన్ని మారులు పరీక్షించినను ఇంచుమించు ఒకే తీరున వంగును. ఎముకయో వయస్సును, ఆహారమును, శ్రమను బట్టి మారుచుండును. కావున కొలత యెట్లు తీసినదియు, ఎవరి దేహమునుండి తీసినదియు స్పష్టముగా వ్రాయించుట సంపాదకునకు పరమధర్మము.

ఈ సంపాదకవిద్య తెలుగువారికి అపరిచితము గాదు. 1945లో వరంగల్లు ప్రాంతమున జన్మించి, 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు ఇంజనీరింగ్ పట్టము పొంది, అమెరికాలో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు ఆచార్యుడైన జె. ఎన్. రెడ్డిగారు సమ్మిశ్ర పదార్థముల యాంత్రికశాస్త్రమునకు సంబంధించిన పత్రికకు చిరకాలము ప్రధాన సంపాదకులై, 2019లో టిమోషెంకో పతకము నందుకొనిరి. అట్టి సమ్మిశ్ర పదార్థములే హైదరాబాదునందు వికలాంగుల సేవకు వచ్చినవి: నిమ్స్ ఆసుపత్రిలో పోలియో బాలలు మూడు కిలోలకు మించిన కాలిపట్టీల నీడ్చుచుండుట చూచి, క్షిపణి శాస్త్రజ్ఞుడైన అబ్దుల్ కలాముగారు తన సహచరులతో 300 గ్రాముల పట్టీని చేయించిరి.

ఇక సిరిసిల్ల చరిత్ర ఈ శాస్త్రమునకు గొప్ప పాఠ్యము. గుంటమగ్గముపై పద్మశాలి కూర్చుండి, కాళ్లతో త్రొక్కుచు, చేతులతో నాడె నడపుచు, సర్వాంగములతో నేసెను. మరమగ్గము వచ్చిన వెనుక, ఆ బలమును విద్యుత్తు వహింపగా, నేతగాడు కర్ణకఠోరమైన ధ్వని నడుమ పలు మగ్గములను కనిపెట్టుచు గంటల తరబడి నిలుచుండవలసిన వాడయ్యెను. సిరిసిల్ల విద్యుత్ సహకారసంఘము స్థాపితమైనది 1970లో. ఆ తరువాతి దశాబ్దములలో మరమగ్గములు పట్టణమునకు ముఖ్యజీవనాధారములైనవి. ఒక్క తరములోనే శ్రమ రూపము మారగా, దానితోపాటు దేహము పొందు బాధయు మారినది. కాని ఆ మార్పును అంకెలలో నిలిపి, పరీక్షకు ఒప్పించి, శాస్త్రపత్రికలో ముద్రింపవలసిన పని గొప్పది.

ఆ పనికి తగిన స్థానములు నేడు ఇక్కడనే వెలసినవి. జగిత్యాలకు చెందిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల 2007లో కొండగట్టు చేరువనున్న నాచుపల్లిలోను, సిరిసిల్ల కళాశాల 2021లోను ఏర్పడినవి. ఆ విద్యార్థులు బీడీ చుట్టు తల్లి మెడ వంపును, మరమగ్గము నడపు తండ్రి నిలుకడను వారి సమ్మతితో కొలిచి, కఠినులైన పరీక్షకులకు ధైర్యముగా పంపవలెను. తిరస్కారము వచ్చినచో దానిని అవమానముగా భావింపక, మరల కొలిచి, మరల వ్రాయవలెను. నేర్చినవారు కాలక్రమమున తామే పరీక్షకులు, సంపాదకులు కావలెను. 1906లో హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞానము తెలుగున అందవలెనని తపించిరి. కావున ఆ వ్యాసఫలితము తెలుగులో, ఎవరి దేహమునుండి కొలత తీయబడినదో వారికి మొదట చేరవలెను. ఏలయన, కూర్చుండు పీట ఎత్తును సవరించుటయో, మగ్గము చెంత విశ్రాంతికి చోటు కల్పించుటయో సాధింపలేని శాస్త్రము ఎంత శుద్ధముగా ముద్రితమైనను అసంపూర్ణమే.