దామలచెరువు కనుమ: 1740 నాటి ఓటమికి కొండలు చెప్పే కారణం

తిరుపతి జిల్లా దామలచెరువు అనగానే ఇప్పటివాళ్లకు మామిడి మండీలు గుర్తొస్తాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ పేరు ఆర్కాటు దర్బారుకు గుండెల్లో గుబులు. కడప వైపు మెట్టసీమ నుంచి ఆర్కాటు మైదానానికి దిగే దండుదారి ఇక్కడి కనుమ గుండానే సాగేది.

కొండలకు ఆవల, పీలేరు వైపు పడిన వాన పింఛా, చెయ్యేరుల మీదుగా పెన్నలో కలుస్తుంది. ఈవల పాకాల కొండల్లో పుట్టే స్వర్ణముఖి తన దారిన తాను సముద్రం చేరుతుంది. నీళ్లను ఇలా రెండుగా చీల్చే ఈ గట్టు ఏకశిల కాదు, విడివిడి గుట్టల వరుస. అటు భాకరాపేట, ఇటు మొగిలి, నడుమ చిన్నాచితకా సందులెన్నో. తర్వాతి కాలంలో ధర్మవరం–పాకాల రైలుమార్గం వేసినవారూ ఈ సందులనే వెతుక్కున్నారు.

1740 మే నెలలో రఘూజీ భోంస్లే, ఫతేసింగ్ భోంస్లేల మరాఠా సేన చౌతు అనే కప్పం బకాయిల పేరుతో ఆర్కాటు నవాబుల ఏలుబడిలోని కర్ణాటకం మీదికి వచ్చింది. నవాబు దోస్త్ అలీ ఉన్న బలగంతో కనుమ ముఖద్వారాన్ని మూసి కూర్చున్నాడు. మరాఠాలు అటు రాలేదు. వేరే సందులోంచి దిగి, మే 20న వెనకనుంచి విరుచుకుపడ్డారు. వెనక కనిపించిన గుర్రపుదళం కొడుకు సఫ్దర్ అలీ తెస్తున్న సాయమేనని నవాబు భ్రమపడ్డాడని కథనం. ఆ పోరులో ఆయనా, మరో కొడుకు హసన్ అలీ కూడా హతమయ్యారు. దివాను మీర్ అసద్ పట్టుబడ్డాడు.

ఆ పక్కదారికి కాపలా ఉన్న హిందూ అధికారి శత్రువుకు దారి వదిలాడని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. ద్రోహం జరిగి ఉండవచ్చు. కానీ ఓటమి మొత్తాన్నీ ఒక్కడి నెత్తిన రుద్దితే నేలను చూడనట్టే. ఇన్ని సందులున్న చోట ఒక్క వాకిలి దగ్గర సేననంతా నిలపడమే అసలు పొరపాటు. తేలికపాటి గుర్రపుదళంతో చుట్టుతిరిగి కొట్టడం మరాఠాలకు వెన్నతో పెట్టిన విద్య.

నవాబు కుటుంబం పాండిచ్చేరికి పరుగెత్తింది. ఫ్రెంచి గవర్నరు దుమా కోట తలుపులు తెరిచాడు. వాళ్లను అప్పగించమని రఘూజీ బెదిరించినా లొంగలేదు. ఆ తెగువకు మొగలు దర్బారు ఇచ్చిన నవాబు బిరుదు తర్వాతి గవర్నరు డూప్లేకు కూడా దక్కింది. ఇటు 1742లో సఫ్దర్ అలీ హత్యకు గురయ్యాడు. మరుసటేడు హైదరాబాదు నిజాం నిజాముల్ ముల్క్ స్వయంగా ఆర్కాటుకు దండెత్తి వచ్చాడు. 1744లో అన్వరుద్దీన్‌ను నవాబును చేశాడు. అన్వరుద్దీన్ 1749లో అంబూరు యుద్ధంలో చనిపోయాడు. వారసత్వ తగవుల్లో ఫ్రెంచివారు ఒక పక్షం, ఇంగ్లీషువారు మరో పక్షం పట్టారు.

ఇదంతా ఒక్క కనుమ చలవే అనడం అతిశయోక్తి. ఆర్కాటు ఖజానా అప్పటికే నీరసించింది, నిజాం చూపు ఢిల్లీ మీద ఉంది. అయినా తగవు తీర్చడానికి విదేశీ తుపాకులను పిలిచే అలవాటు ఆ యుద్ధాల్లోనే ముదిరింది. ఆ బాటలోనే 1798లో హైదరాబాదు కూడా ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందానికి తలొగ్గింది. అలా వచ్చిన కంపెనీ పటాలం విడిది చేసిన దండుకు 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు: సికింద్రాబాద్.