ఐరా ఆల్డ్రిడ్జి దేశసంచారం

1858 నవంబరులో, ఆనాటి రష్యా సామ్రాజ్యపు రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గులో, షేక్స్పియరు "ఒథెల్లో" నాటకం ఒక విచిత్రమైన రీతిలో జరిగినది. ఒథెల్లో వేషధారి ఆద్యంతం ఇంగ్లీషులో మాట్లాడినాడు. డెస్డిమోనా, ఇయాగో, కాసియో మొదలైన వారందరూ అతనికి జర్మను భాషలో బదులు చెప్పినారు. చూడవచ్చిన వారిలో అధికసంఖ్యాకులు రష్యనులు. రంగస్థలం మీద రెండు భాషలు, ఎదుట కూర్చున్న వారిది మూడవ భాష. ఇట్టి ప్రదర్శనం రసాభాస కాక మానదని ఎవరైనను అనుకొందురు. కాని జరిగినది వేరు. నాటకం ముగియు వేళకు ఆ నగరంలోని రసికులు ఆ నటునికి దాసులైనారు.

అతని పేరు ఐరా ఆల్డ్రిడ్జి. అమెరికాలో పుట్టిన నల్లజాతివాడు. అప్పటికి 51 ఏండ్ల వయస్సు. పుట్టిన ఊరు విడిచి 34 ఏండ్లు గడచినవి.

రేడియోలో పనిచేయు మాకు ఈ వృత్తాంతంపై ప్రత్యేకమైన మక్కువ కలుగుటకు ఒక కారణమున్నది. మా శ్రోతకు మాట వినబడును, మనిషి కనబడడు. భావమంతటినీ మాటయే మోయవలెను. ఆల్డ్రిడ్జి ప్రేక్షకులకు మనిషి కనబడినాడు, కంఠం వినబడినది, మాటకు అర్థం మాత్రం అందలేదు. ఇది మన తెలుగుదేశం ఎరుగని సంగతి కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి తెలుగు కాని భాషలో నాటకాలాడగా మనవారు విరగబడి చూచినారు. ఆ ప్రోద్బలంతోనే వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకాలాడించినారు. వానిలో ఒకటైన "చమత్కార రత్నావళి" షేక్స్పియరు హాస్యనాటకానికి అనుసరణమే. కథ తెలిసి, నటునిలో సత్తువ ఉన్నచో భాష పెద్ద అడ్డు కాదు. ఆల్డ్రిడ్జికి నిజమైన అడ్డు తన భాష తెలిసిన వారి నుండియే వచ్చినది. అతడు దేశాలు పట్టిపోవుటకు కారణమదే.

1807 జూలై 24న న్యూయార్కులో, బానిసలు కాని నల్లజాతి దంపతులకు అతడు జన్మించినాడు. తండ్రి డేనియల్ కుమారుని మతబోధకునిగా చూడగోరినాడు. నల్లజాతి పిల్లలకొరకు నెలకొల్పిన ఆఫ్రికన్ ఫ్రీ స్కూలులో చదువు సాగినది గాని, మనస్సు మాత్రం నాటకశాల చుట్టూ తిరిగినది. 1821లో విలియం బ్రౌన్ అను మాజీ ఓడ ఉద్యోగి తనవారి కొరకు ఒక నాటకశాల తెరచినాడు. అక్కడ జేమ్స్ హ్యూలెట్ అను నల్లజాతి నటుడు మూడవ రిచర్డు వేషం కట్టినాడు. షేక్స్పియరును వీరు ముట్టుకొనుటయా అని కొందరికి కన్ను కుట్టినది. అల్లరిమూకలు వచ్చినవి, పోలీసులు వచ్చి వేషాలతోనే నటులను పట్టుకొనిపోయినారు. కొలది ఏండ్లకే ఆ సమాజం చితికిపోయినది. ఆ గాలి పీల్చిన కుర్రవానికి అమెరికాలో తన విద్యకు తావు లేదని బోధపడినది. 1824లో ఓడ ఎక్కి ఇంగ్లండు దారి పట్టినాడు. అప్పటికి 17 ఏండ్లు.

లండనులో 1825లోనే రంగమెక్కినాడు. ఆ సంవత్సరం అక్టోబరులో కోబర్గు థియేటరులో, నేడు ఓల్డ్ విక్ అను పేర ప్రసిద్ధమైన ఆ నాటకశాలలోనే, తిరుగుబాటు చేసిన బానిసగా ప్రధాన పాత్ర ధరించినాడు. ప్రకటనలలో అతనిని "ఆఫ్రికా రోషియస్" అన్నారు. రోషియస్ ప్రాచీన రోములో మహానటుడు. తరువాత తరువాత అతడు సెనెగల్ రాజవంశీయుడను కథ కూడ పుట్టినది. నాటకాల కరపత్రాలు ఎక్కడైనను ఒకటే. న్యూయార్కు బోధకుని కొడుకు కంటె ఆఫ్రికా రాజకుమారునికి టిక్కెట్లు ఎక్కువ తెగును గదా!

అక్కడినుండి బ్రిటిషు దీవుల ఊళ్ళన్నీ త్రొక్కినాడు. మాంచెస్టరు, ఎడింబరో, డబ్లిను, చిన్న చిన్న పట్టణాలు. ఒకే రాత్రి ముందు ఒథెల్లోగా ఏడిపించి, వెనువెంటనే "పాడ్‌లాక్" ప్రహసనంలో ముంగో అను బానిస నౌకరుగా పగలబడి నవ్వించుట అతని అలవాటు. నల్లని పాత్రలు రెండు మూడు మాత్రమే ఉండుటచేత ముఖానికి తెల్లరంగు పూసికొని షైలాకు, మాక్బెత్, లియరు వేషాలు కూడ సాధించినాడు. చివరినాటి ప్రదర్శనం ముగియగానే తెరముందుకు వచ్చి బానిసత్వం గురించి నాలుగు మాటలు చెప్పి ప్రేక్షకులను వీడ్కొనుట అతని పద్ధతి. 1828లో కోవెంట్రీ పట్టణపు నాటకశాలను నడపు బాధ్యత కూడ అతనికి దక్కినది. బానిసత్వ నిర్మూలనం కోరుచు ఆ పట్టణవాసులు పార్లమెంటుకు మహజరు పంపుకొనుటలో ఇతని ప్రభావం ఉన్నదని చరిత్రకారులు అందురు.

1833 మార్చి 25న లండను కోవెంట్ గార్డెనులో ఒథెల్లో వేషంలో ఉన్న ఎడ్మండ్ కీన్ రంగస్థలం మీదనే కుప్పకూలినాడు. ఆనాటి ఇంగ్లండులో అతనిని మించిన నటుడు లేడు. ఆ వేషానికి ఏప్రిలు 10న ఆల్డ్రిడ్జిని పిలిచినారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టినారు. పత్రికలు విరుచుకొనిపడినవి. డెస్డిమోనా పాత్రధారిణి ఎలెన్ ట్రీని నల్లవాడు తాకుట ఒక ప్రసిద్ధ పత్రికకు భరింపరాని అపచారమైనది. నటన బాగున్నదా లేదా అన్న విచారణ వెనుకబడినది. రెండు రాత్రులతో సరి. పశ్చిమ ఇండియా దీవుల తోటల యజమానులు పార్లమెంటులో తమ బానిసల కొరకు చివరి పోరాటం చేయుచున్న రోజులవి; నిర్మూలన చట్టం ఆ ఆగస్టులోనే అయినది. చట్టంలో బానిసకు స్వేచ్ఛ ఇచ్చిన నగరం తన నాటకశాలలో ఒక స్వతంత్రునికి పీట వేయలేకపోయినది. ఇది మాకు ఆ శతాబ్దపు విచిత్రాలలో ఒకటిగా తోచును.

తరువాత 19 ఏండ్లు పల్లెపట్టుల తిరుగుడే. 1852 జూలైలో, 45వ ఏట, ఒక చిన్న ఇంగ్లీషు బృందాన్ని కూర్చుకొని సముద్రం దాటి యూరపు ఖండంలో అడుగిడినాడు. బ్రస్సెల్సు, కొలోను, ఫ్రాంక్‌ఫర్టు, లైప్జిగు, బెర్లిను, వియన్నా, పెస్టు. 1853లో ప్రష్యా రాజు కళలకు, శాస్త్రాలకు ఇచ్చు బంగారు పతకం బహూకరించినాడు. లండను పత్రికలు మొగం చాటువేసిన నటునికి జర్మను రాజధానిలో దక్కిన మన్నన అది.

ఆ ఇంగ్లీషు బృందం ఎంతోకాలం నిలువలేదు. ఇరువదిమంది తిండి, బస, బండి కిరాయి మోయుట ఏ సంచార నాటకసమాజానికైనను ప్రాణాంతకమే. ఆల్డ్రిడ్జి ఒంటరిగా బయలుదేరినాడు. ఊరికి పోవుట, అక్కడి సమాజంతో చేరుట, తన పాత్ర ఇంగ్లీషులో, తక్కిన పాత్రలు ఆ ఊరి భాషలో ఆడుట. అతని దేశసంచారంలోని అసలు కష్టం ఇచ్చటనే ఉన్నది.

నాటకమాడిన వారికి తెలియును: ఎదుటివాని మాట కొసను అందుకొని తన మాట ఎత్తుకొనవలెను. కొస తెలియనిచో రెండు కంఠాలు ఒకదానిపై ఒకటి పడును, లేదా ఇద్దరూ మౌనంగా ఒకరినొకరు చూచుకొందురు. పరభాషలో ఆ కొస ఎట్లు పట్టువడును? ఇటువంటి ప్రదర్శనంలో ప్రతి ప్రసంగపు చివరి పదాలు పరభాషలోనే చెవికి అలవడవలెను; ఎవరు ఎక్కడ నిలుచుందురో, ఏ మాటకు ఎటు కదలుదురో ముందుగానే తేల్చుకొనవలెను. ఊరు మారినంతనే క్రొత్త డెస్డిమోనా, క్రొత్త ఇయాగో. ఒక ఊరిలో అనుభవజ్ఞులు, మరొక ఊరిలో నిన్ననో మొన్ననో రంగమెక్కినవారు. గొంతు పిసుకు ఘట్టంలో నటి నిజంగానే జడిసికొనుట తేలిక; ఆమెకు ముందే ధైర్యం చెప్పుటకైనను భాష కావలెను. అందుచేతనే ఇట్టి నటుడు ఊరూరా పదే పదే ఆడు నాటకాలు కొన్నియే. ఒథెల్లో, షైలాకు, మాక్బెత్, మూడవ రిచర్డు, లియరు. ఎదుటి సమాజానికి కూడ నోటికి వచ్చిన నాటకమైనప్పుడే రెండు మూడు రిహార్సళ్ళతో తెర ఎత్తుటకు వీలగును.

ఇక దారుల మాట. జర్మనీలో అప్పటికి రైళ్ళున్నవి. రష్యాలో పీటర్స్‌బర్గునుండి మాస్కోకు 1851లో రైలు వచ్చినది, మాస్కోనుండి నీజ్నీ నొవ్‌గొరోదుకు 1862లో వచ్చినది. అంతకు మించిపోయినచో గుర్రపు బండి, వేసవిలో ఓల్గా నదిపై పొగపడవ, శీతకాలంలో మంచుబండి. 1861 తరువాతి ఐదారేండ్లలో ఆల్డ్రిడ్జి కీవ్, ఒడెస్సా, ఖార్కవ్, ఝితోమిర్ మొదలుకొని ఓల్గా తీరంలోని పట్టణాల వరకు తిరిగినాడు. కీవ్‌కు రైలు చేరినది 1870లో. అతడు మరణించిన మూడేండ్లకు. ఏబది దాటిన మనిషి, ఊపిరితిత్తులను పట్టు చలిలో, వేషాల పెట్టెలు వెంటబెట్టుకొని ఆ దూరాలు పోయినాడు.

మొదట చెప్పిన పీటర్స్‌బర్గు రాత్రులకు మరల వత్తము. ఫ్రెంచి రచయిత తెయోఫీల్ గోతియే ఆ శీతకాలం అక్కడనే ఉన్నాడు. నల్లని ఒథెల్లో అనగా కేకలు, పెడబొబ్బలు, అడవిమృగపు రౌద్రం ఉండునని అతడు ఎదురుచూచినాడు. అతనికి కనబడినది నిగ్రహం, గాంభీర్యం, ఆచితూచిన కదలిక. గోతియేకు కొంత ఆశ్చర్యం, మరికొంత ఆశాభంగం కూడ కలిగినవి. నల్లనటునినుండి లోకం ఏమి కోరినదో, అతడు ఏమి ఇచ్చుటకు నిరాకరించినాడో ఈ ఆశాభంగమే మనకు చెప్పును.

ఆ నగరంలోనే తరాస్ షెవ్చెంకోతో అతనికి స్నేహం కలిసినది. షెవ్చెంకో ఉక్రేను జాతి మహాకవి, చిత్రకారుడు కూడ. భూస్వామి క్రింద అర్ధబానిసగా పుట్టినవాడు. అతనిలోని కళను గుర్తించిన మిత్రులు, బ్రుల్లోవ్ చిత్రించిన ఒక పటాన్ని లాటరీకి పెట్టి, వచ్చిన 2,500 రూబుళ్ళు యజమానికి చెల్లించి 1838లో అతనికి విముక్తి కొన్నారు. తరువాత చక్రవర్తిని ధిక్కరించు కవిత్వం వ్రాసినందుకు పదేండ్లు సైనికునిగా ప్రవాసం. కలం, కుంచె రెండూ ముట్టరాదని ఆజ్ఞ. ఆ శిక్ష ముగిసి నగరానికి మరలివచ్చిన సంవత్సరమే ఆల్డ్రిడ్జి వచ్చినాడు. ఒకరి భాష మరొకరికి రాదు. కళాపరిషత్తు ఉపాధ్యక్షుడు ఫ్యోదర్ టాల్‌స్టాయి (నవలాకారుడు వేరు) కుమార్తెలు, ఇంకను బాలికలు, ఇరువురి నడుమ దుబాసీలైనారు. ఒకడు అమెరికా నల్లవారి పాటలు పాడినాడు, మరొకడు ఉక్రేను పాటలు పాడినాడు. డిసెంబరులో షెవ్చెంకో అతని ముఖచిత్రం గీయుటకు కూర్చున్నాడు. కదలక కూర్చుండుట ఆల్డ్రిడ్జి వలన కాలేదట. నడుమ నడుమ లేచి పాడుట, ఆడుట. ఆ చిత్రం మాస్కోలోని ట్రెత్యకోవ్ చిత్రశాల సంపద. రష్యాలో అర్ధబానిసల విముక్తి 1861లో జరిగినది, దానికి కొద్ది రోజుల తరువాతనే షెవ్చెంకో కన్నుమూసినాడు.

బిరుదాలు ఒక్కొక్కటే వచ్చి చేరినవి. 1858లో జర్మనీలోని సాక్స్-మైనింగెన్ ప్రభువు ఇచ్చిన గౌరవంతో అతడు "షెవలియే" అయినాడు. ఆ చిన్న సంస్థానపు నాటకబృందమే 1874నుండి 1890 వరకు యూరపంతటా తిరిగి నాటకప్రయోగ పద్ధతినే మార్చివేసినది. అది వేరొక ప్రసంగానికి తగిన విషయం. 1863లో ఆల్డ్రిడ్జి బ్రిటిషు పౌరసత్వం పొందినాడు. 1864లో భార్య మార్గరెట్ మరణించినది. మరుసటి ఏడు స్వీడను దేశీయురాలైన అమాండాను పెండ్లాడినాడు. 1860లో పుట్టిన కుమార్తెకు, తాను పదేండ్లవాడుగా ఉన్నప్పుడు పోయిన తన తల్లి పేరు పెట్టుకొన్నాడు: లురానా. పాటలవలెనే పేర్లు కూడ సముద్రం దాటినవి.

ఊరికి పోవు వరకు పిల్లలకు తండ్రి, ఊరు దాటినచో ఉత్తరం. సంచార నటుల ఇండ్లలో ఇది సర్వసాధారణం. దీనిని గురించి వినోదంగా వ్రాయు వారిని చూచినాము. ఇంటిలో ఉండి ఎదురుచూచిన వారు వ్రాసినది అరుదు.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసి అక్కడ బానిసత్వం రద్దైనది. ఆల్డ్రిడ్జికి ఇంటి మీదికి దృష్టి మళ్ళినది. అమెరికాలో ప్రదర్శనాలిచ్చుటకు సంప్రదింపులు సాగినవి. ఈ నడుమ, 1867 వేసవిలో, రష్యా ఏలుబడిలో ఉన్న పోలండులోని వూచ్ పట్టణానికి పోయినాడు. అది మగ్గాలు, నేతమిల్లులతో పెరుగుచున్న ఊరు. అక్కడ ఒథెల్లో ప్రదర్శనానికి సన్నాహాలు జరుగుచుండగా జబ్బుపడి, ఆగస్టు 7న మరణించినాడు. వయస్సు 60. ఆ ఊరి సువార్తిక శ్మశానంలోనే సమాధి. పోలండు నటుల సంఘం దానిని కాపాడుచు వచ్చినది. అతడు ఆడవలసియుండిన నాటకశాల ఉన్నచోట 2014లో ఒక స్మారకఫలకం వెలసినది. లండనులో అతనికి జరిగినదానిని ఇతివృత్తంగా గొని లోలితా చక్రవర్తి "రెడ్ వెల్వెట్" నాటకం రచింపగా అది 2012లో లండనులోనే ప్రదర్శింపబడినది.

తండ్రి పోవునప్పటికి చిన్న కుమార్తె అమాండా 17 నెలల పసిపాప. ఆమె గాయనియై, సంగీతరచన చేసి, లండనులో స్వరశిక్షకురాలిగా పేరొందినది. 1930లో పాల్ రోబ్‌సన్ అను అమెరికా నల్లజాతి గాయకుడు లండను సవాయ్ థియేటరులో ఒథెల్లో వేషం ధరించుటకు సిద్ధమగుచు, మాటల ఉచ్చారణ దిద్దుకొనుటకు ఆమెవద్దకే పోయినాడు. 1943లో అతడు అదే నాటకాన్ని న్యూయార్కుకు తీసికొనిపోగా అక్కడ 296 పర్యాయాలు ఆడినది. అప్పటికి అమాండా ఆల్డ్రిడ్జి జీవించియే ఉన్నది.