వెదకువారు, నవ్వించువారు

రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు వారి మనస్సులో కాకతీయులో, గోదావరీతీర క్షేత్రములో ఉండియుండును. నేను మాత్రము మన బీరువాలలో అట్టలూడి, మూలలు నలిగి, దారముతో మరల కుట్టబడిన పుస్తకముల చరిత్ర చెప్పదలచితిని. అవి అపరాధ పరిశోధక నవలలు. వానిలోను ముఖ్యముగా, దొంగను పట్టబోయి తానే చిక్కులలో పడు పరిశోధకుని హాస్యకథలు. వీనిని తొలగించి ఆ చోట ఉపయోగకర గ్రంథముల నుంచవలెనని కొందరు పెద్దలు సూచించుచున్నారు. అది తగదని నా మనవి.

ఈ కథలు తెల్లవారు తెచ్చిన సరుకనుట సగమే నిజము. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు జందెముతో గోడను కొలిచి కన్నము వేయును. తాను వలచిన మదనికను దాస్యమునుండి విడిపించుటకై నగలు దొంగిలించును. తీరా చూడగా అవి ఆమె యజమానురాలు వసంతసేన దాచుమని యిచ్చిన నగలే! తెలుగున నిట్టి చమత్కారమునకు పరాకాష్ఠ గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి వ్రాయబడిన ఆ నాటకమున లుబ్ధావధాన్లు వెలయిచ్చి పెండ్లాడిన పిల్ల మాయమగును. ముసలివానిపై ఖూనీ నేరము పడును. పిల్ల యున్నగదా చచ్చుటకు! ఆడువేషము కట్టిన కరటకశాస్త్రి శిష్యుడు వేషము విప్పి తన దారిని పోయినాడు. పెండ్లికై మధురవాణివద్దనుండి తెచ్చిన కంటె పోయి రామప్పపంతులు కొంప మునిగినది. లేని మనిషిని చంపిన నేరమునకు ఉన్న మనిషి వణకుటకన్న చిక్కని రహస్యకథను నేను చదువలేదు.

పరిశోధకుడను ప్రత్యేక వ్యక్తి మాత్రము పైనుండి వచ్చినవాడే. ఆంగ్లమున షెర్లాక్ హోమ్స్ 1887లో అచ్చులో కనబడెను. వంగదేశమున పాంచకడీ దే వ్రాసిన నవలలు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో తెలుగైనవి. 1950, 60 దశకములలో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు ఇంటింట పరిచితులైరి. సమగ్ర ఆంధ్ర సాహిత్యమును వ్రాసిన ఆరుద్రగారును పరిశోధక నవలలు వ్రాసిరి. సాహిత్య చరిత్రకారునికి లేని నామోషీ మనకేల? బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు దిగి, దుమ్ము కడుగుకొని, ఇంకను నిద్రరాని కార్మికునిచేత పది పుటలు చదివించుట సామాన్య కవిత్వమునకు సాధ్యము కాదు.

హాస్య పరిశోధకులలో పరదేశపు వ్యక్తి యొకతె నన్ను మిక్కిలి ఆకర్షించినది. 1994లో జానెట్ ఇవానోవిచ్ అను అమెరికా రచయిత్రి వన్ ఫర్ ది మనీ అను నవలలో సృష్టించిన స్టెఫనీ ప్లమ్. ఉద్యోగము పోయి, కడుపుకూటికై, జామీనుపై విడుదలయి పరారియైనవారిని పట్టితెచ్చు పనిలో చేరును. తుపాకి పట్టుట చేతకాదు. పట్టవలసిన మొదటివాడు చిన్ననాటినుండి తానెరిగిన పోలీసువాడే. వానిని అప్పగించిన పదివేల డాలర్లు ముట్టును. ఆ దేశమున జామీను ఒక వ్యాపారము. రుసుము పుచ్చుకొని పూచీ నిలుచు దుకాణములు కలవు. ముద్దాయి పారిపోయిన పూచీదారు వానిని స్వయముగా గాని, మనిషిని పంపి గాని పట్టవచ్చునని 1872లోనే వారి సుప్రీంకోర్టు చెప్పెను.

లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను గనుక ఇచ్చట కొంచెము ఆగుదును. మనకడ జామీను నిలుచువాడు వ్యాపారి కాడు. మేనమామయో, బావమరిదియో, పక్కచేనివాడో. తన భూమి వివరము కాగితముపై పెట్టి, సంతకము చేసి, నాటి రాత్రి నిద్రపోడు. 1973 నాటి దండవిచారణ స్మృతిలోను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలగుచున్న సంహితలోను, ముద్దాయి రాకున్న పూచీదారునినుండి సొమ్ము రాబట్టు విధి కలదు. పట్టుకొనివచ్చినవానికి కిరాయి లేదు. బంధువే పూచీ, బంధుత్వమే సంకెల. కావున స్టెఫనీవంటి వృత్తిగలవారు మన నవలలలో పుట్టలేదు.

మరియొక కారణమును కలదు. తలకు వెల యనిన మనకు నవ్వు రాదు. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు తలకు ప్రభుత్వము పదివేల రూపాయలు కట్టినది. తరువాతి కాలమున, నక్సలైటు ఉద్యమపు రోజులలో, మన గోదావరీతీర గ్రామములలో పుట్టినవారి తలలకును వెలలు ప్రకటింపబడినవి. ఆ ప్రకటనలు చదివిన తల్లులు ఈ ప్రాంతమున నేటికిని ఉన్నారు. ఆ విషయమున హాస్యము వ్రాయుటకు కలము సాగదు, సాగకుండుటయే మేలు.

అయినను చేతకాని వేటగాడు మనకును ఒకడు దొరకెను. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి చంటబ్బాయి నవలను జంధ్యాలగారు 1986లో చిరంజీవి నాయకునిగా చలనచిత్రము చేసిరి. అందు పాండురంగారావు అను డిటెక్టివు తన్ను జేమ్స్ పాండ్ అని చెప్పుకొనును. బిరుదు ఆకాశమున, పని పాతాళమున! వానికి అప్పగింపబడిన పెద్ద పని యేమి? పరారియైన నేరస్థుని పట్టుట కాదు. ఒక కుటుంబమునకు దూరమైన చంటబ్బాయి అను పుత్రుని వెదకుట. నేనే చంటబ్బాయినని వచ్చు దొంగలను వడగట్టుట. అమెరికాలో వెదకబడువాడు సొమ్ము. మనకడ వెదకబడువాడు తోబుట్టువు. జామీను కాగితముపై మేనమామ చేయు సంతకమునకును, ఈ కథకును నడుమ నాకు చుట్టరికము కనబడుచున్నది.

చంటబ్బాయి ఎవరో ఇచ్చట వ్రాయను. చదువనివారికి అపకారము చేసినవాడనగుదును. మన గ్రంథాలయ ప్రతికి చివరి పుటలు కొన్ని ఊడిపోయినవి. తీసికొనిపోయినవారు తిరిగి యిచ్చునపుడు, తరువాత చదువనున్నవారికి నోటిమాటగా ముగింపు చెప్పిపోవుచున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా. ఈ సంవత్సరపు పద్దులో క్రొత్త ప్రతికి సొమ్ము కేటాయింపవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను.