చలికాలపు కృష్ణ: గాలం, వల, చట్టం

మన సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రపై ఏదైనా రాయమని మిత్రులు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. కనుక నేను చలికాలంలో చేపల వేట గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మన లింగాలకు దక్షిణాన నల్లమల అడవి, అడవి దాటితే కృష్ణానది. వానాకాలంలో నది మట్టినీళ్ళతో పొంగి పారేది. కార్తీకానికి వరద తీసేది. మార్గశిర, పుష్యమాసాలకు నీరు తేటపడేది. చేపకు మనలాగా ఒంట్లో వేడి నిలవదు. నీరు చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడి ఆకలి మందగిస్తుంది. అందుకే చలిలో తెల్లవారకముందే గాలం వేసినవాడు తరచుగా వట్టిచేతులతో తిరిగివస్తాడు. పొద్దెక్కి నీరు కాస్త వెచ్చబడ్డాకనే చేప ఎరను ముడుతుంది. తేటనీటిలో మనిషి నీడ పడినా అది బెదురుతుంది కనుక ఒడ్డున కదలకుండా కూర్చోవాలి.

ఇంగ్లీషు దొరలకు ఈ తేటనీరే కావలసి వచ్చింది. వారు ఎరకు బదులు ఈకలతో, దారంతో కొక్కేనికి ఈగ ఆకారం కట్టి నీటిపై విసిరేవారు. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు. బురదనీటిలో ఆ ఈగ చేపకు కనబడదు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథం ప్రచురించాడు. దొరలు అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్నది మహసీరు చేపను. దక్కన్ మహసీరును 1839లో కర్నల్ సైక్స్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆయనకు అది దొరికింది పుణె ప్రాంతపు ములా-ముఠా నదిలో. ఆ నీళ్ళు భీమలో కలిసి మన కృష్ణకే వస్తాయి.

అదే 1873లో ఫ్రాన్సిస్ డే అనే అధికారి మంచినీటి చేపలపై ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. సన్నకన్ను వలలతో పిల్లచేపలను ఊడ్చివేస్తే నదులు గొడ్డుపోతాయని అందులోని హెచ్చరిక. 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడం నేరమయింది. వలకన్ను ఎంత ఉండాలో నియమాలు చేసే అధికారం ప్రభుత్వాలకు దక్కింది. మన హైదరాబాద్ సంస్థానంలో 1357 ఫసలీలో, అంటే 1947-48లో, ప్రత్యేకంగా మత్స్య చట్టం చేశారు.

తరువాత నది తీరే మారింది. 1963 జులై 24న నెహ్రూగారు శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1980లలో జలాశయం నిండింది. ఎన్నో గ్రామాలు మునిగాయి. వరదకు ఎదురీది గుడ్లు పెట్టే చేపలకు ఆనకట్టలు అడ్డుగోడలయ్యాయి. ఇప్పుడు చలికాలమంటే పారే తేటనీరు కాదు. 885 అడుగుల నిండు మట్టం నుంచి జలాశయం క్రమంగా దిగిపోయే కాలం. బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల చేపలపై ఆధారపడి ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్న మత్స్యకారులూ వారిలో ఉన్నారు.

అసలు బాధ ఇక్కడే ఉంది. వానల్లో పుట్టిన పిల్లలు చలికాలానికి ఇంకా చిన్నవిగానే ఉంటాయి. వాటిని పెరగనిస్తేనే ముందు ఏళ్ళకు చేప దక్కుతుంది. నిషేధం ఉన్నా సోమశిల, కొల్లాపూర్ వైపు అలివి వలలు వేస్తున్నారన్న వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఈ వల వేలెడు పిల్లను కూడా వదలదు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది. ఒక ఒడ్డున వదిలిన పిల్లలను మరో ఒడ్డున ఊడ్చుకుపోతే లాభమేమిటి?

1897 నాటికే తెలిసిన సంగతి ఇది. చట్టం కాగితం మీద ఉంటే చాలదని దస్త్రాల మధ్య బతికిన మనకు వేరే చెప్పనక్కరలేదు. మహసీరు ఎలా ఉంటుందో మన మనవలకు తెలియదు. రవ్వ, వాలుగలకైనా ఆ గతి పట్టకూడదు. పాత కృష్ణలో వేట చూసిన పెద్దలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ఏ మాసంలో ఏ మడుగున ఏ చేప దొరికేదో వారు చెబుతుండగా పిల్లలచేత రాయించి సంఘానికి పంపవలసిందిగా మనవి.